టామ్‌ అండ్‌ జెర్రీకి తెలుగు మాటలెందుకు?

మన పిల్లలకు బయట తెలుగు వినబడే చోట్లు తక్కువ. బళ్లారిలోనైనా హొసూరులోనైనా, బరంపురంలోనైనా షోలాపూరులోనైనా గడప దాటితే వేరే భాష. యానాం వాళ్లకు ఈ బాధ లేదు గానీ, మిగతా మనందరికీ ఉన్నదే. అందుకే పిల్లాడి చేతిలోని ఫోను నుంచి తెలుగు మాట వినిపిస్తే తల్లిదండ్రులకు ప్రాణం లేచి వస్తుంది. టామ్‌ అండ్‌ జెర్రీ కార్టూన్లకు తెలుగు మాటలు తగిలించిన వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలుగా ఉన్నాయి. పిల్లి సవాళ్లు విసురుతుంది, ఎలుక సినిమా హీరోలా జవాబులు చెబుతుంది. మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ఒకావిడ అన్నారు: "చూస్తే చూశాడులెండి సార్‌, కనీసం తెలుగులో చూస్తున్నాడు."

ఆవిడ మాటలో ఆరాటం ఉంది. దాన్ని తప్పు పట్టను. అయినా ఆ వీడియోలు పిల్లలకు ఇచ్చేదానికన్నా లాక్కునేదే ఎక్కువ అంటాను. ఆ కార్టూన్లలో పిల్లీ ఎలుకా దాదాపు మాట్లాడవు. మాట్లాడాల్సిన పనంతా ఒక పూర్తి స్థాయి వాద్యబృందం చేస్తుంది. మనవాళ్లు మాటలు అతికించేటప్పుడు ఆ సంగీతాన్ని అడుక్కి తొక్కేస్తారు, లేదా పూర్తిగా తీసేసి కీబోర్డు మీద ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తారు. అంటే కథ చెప్పేవాడి నోరు మూసి, పక్కన ఇంకొకణ్ని కూర్చోబెట్టి వాగించినట్టు.

కథ చెప్పే ఆ మనిషి పేరు స్కాట్‌ బ్రాడ్లీ. 1891లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టాడు. విలియమ్‌ హన్నా, జోసెఫ్‌ బార్బెరా ఇద్దరూ కలిసి ఎమ్‌జిఎమ్‌ స్టూడియోలో 1940 నుంచి 1958 దాకా తీసిన 114 టామ్‌ అండ్‌ జెర్రీ చిత్రాల్లో ఏవో కొన్ని తప్ప అన్నిటికీ సంగీతం ఆయనదే. ఆ వరుసలో 7 చిత్రాలకు ఆస్కార్‌ వచ్చింది. (టామ్‌ పెట్టే ఆ ప్రసిద్ధమైన గావుకేక మాత్రం సంగీతం కాదు, దర్శకుడు హన్నా సొంత గొంతు.) బ్రాడ్లీ రాసిన స్వరాలు వాయించలేక ఎమ్‌జిఎమ్‌ వయొలిన్‌ విద్వాంసులు వేళ్లు విరిగిపోతున్నాయని మొత్తుకునేవాళ్లట. పిల్లల బొమ్మల సినిమాకు ఇంత కష్టం ఎందుకన్న ప్రశ్న ఆయనకు తట్టినట్టు లేదు.

ఈ పని ఎలా జరుగుతుందో మన లెక్కల టీచర్లకు తప్పక నచ్చుతుంది. సినిమా రీలు మీద సెకనుకు 24 బొమ్మలు పోతాయి. ఏడు నిమిషాల చిత్రమంటే 420 సెకన్లు, 10,080 బొమ్మలు. టామ్‌ ఒక్కో అడుగు 12 బొమ్మలకోసారి వేస్తే సెకనుకు రెండు అడుగులు, అంటే నిమిషానికి 120 దెబ్బల లయ. పరుగు అందుకుని 8 బొమ్మలకో అడుగు వేస్తే అదే లయ 180కి పోతుంది. ఎన్నో బొమ్మ దగ్గర కాలు జారింది, ఎన్నో బొమ్మ దగ్గర నేలను తాకిందన్నది ముందే కాగితం మీద పడుతుంది. సంగీత దర్శకుడు ఆ లెక్క చూసుకుని స్వరాలు రాస్తాడు. వాయించేవాళ్ల చెవుల్లో గడియారంలా టిక్కు టిక్కుమని చప్పుడు వినబడుతూ ఉంటుంది, చేతులు దాన్ని పట్టుకుని నడుస్తాయి. అలా చేస్తేనే పళ్లెం నెత్తిన పడిన క్షణమే తాళాలు ఝల్లుమంటాయి. సెకనులో పావు వంతు ఆలస్యమైనా నవ్వు రాదు.

ఈ టిక్కు పద్ధతిని తొలినాళ్లలో వాడుకలోకి తెచ్చినవాళ్లలో కార్ల్‌ స్టాలింగ్‌ ఒకడు. ఆయనా 1891లోనే పుట్టాడు. మూకీ సినిమాల కాలంలో కేన్సస్‌ సిటీ థియేటర్లలో తెర ముందు కూర్చుని ఆర్గన్‌ వాయించేవాడు. అక్కడ పరిచయమైన వాల్ట్‌ డిస్నీకి తొలి చిత్రాలకు పనిచేశాడు. 1929లో అస్థిపంజరాలు నాట్యం చేసే చిత్రం ఆయన ఆలోచన నుంచి పుట్టిందే. 1936లో వార్నర్‌ బ్రదర్స్‌కు వెళ్లి 1958 దాకా బగ్స్‌ బన్నీ, డాఫీ డక్‌ వంటి తలతిక్క పాత్రల చిత్రాలకు సంగీతం రాస్తూ ఉన్నాడు. 600కు పైగా చిత్రాలు, అంటే సుమారు రెండు వారాలకొకటి. స్టూడియో పెద్ద సినిమాలకు జీతాలిచ్చి పెట్టుకున్న యాభై మంది దాకా ఉన్న వాద్యబృందమే ఈ కుందేలుకూ బాతుకూ వాయించేది.

ఇద్దరి దారులూ వేరు. వార్నర్‌ వాళ్ల చేతిలో పాటల ప్రచురణ సంస్థలు ఉండేవి. కాబట్టి స్టాలింగ్‌ జనానికి తెలిసిన పాటల ముక్కలను పేరుతో శ్లేష చేస్తూ సందర్భానికి తగిలించేవాడు. తెరమీద ఎర్ర బట్టలు కనబడితే పేరులో ఎరుపు ఉన్న పాట వినబడేది. రేమండ్‌ స్కాట్‌ 1937లో రాసిన 'పవర్‌హౌస్‌' అనే వాద్య రచన కార్టూన్ల కోసం పుట్టింది కాదు. స్టాలింగ్‌ దాన్ని యంత్రాలు తిరిగే దృశ్యాలకు ఎంతగా వాడాడంటే, ఇప్పుడు అది వింటే చాలు కళ్ల ముందు ఫ్యాక్టరీ బెల్టు కదులుతుంది. బ్రాడ్లీ కూడా పాత పాటలు వాడాడు గానీ సొంతంగా రాయడం మీదే ఆయనకు మోజు. నా ఓటు బ్రాడ్లీకే. స్టాలింగ్‌ చమత్కారం పూర్తిగా అందాలంటే ఆనాటి అమెరికా పాటలు తెలిసి ఉండాలి. బ్రాడ్లీకి అంతగా అక్కర్లేదు, చెవి ఒకటి ఉంటే చాలు.

1944 నాటి 'పుటిన్‌ ఆన్‌ ద డాగ్‌' చూడండి. కుక్క తల బొమ్మ కింద దూరి జెర్రీ పరుగులు పెడతాడు. తల కుక్కది, కాళ్లు ఎలుకవి. దీనికి ఏ రాగం నప్పుతుంది? సంతోషమా, భయమా, గర్వమా? ఏదీ నప్పదు. బ్రాడ్లీ అక్కడ పన్నెండు స్వరాల పద్ధతిని వాడాడు. ఒక స్థాయిలోని పన్నెండు స్వరస్థానాల్లో దేన్నీ ముందు పెట్టకుండా, అన్నీ ఒకసారి వచ్చేదాకా ఏదీ మళ్లీ రాకుండా అల్లే పద్ధతి అది. ఆర్నాల్డ్‌ షోన్‌బెర్గ్‌ పేరు చెబితే గుర్తొచ్చే ఆ సంగీతాన్ని కచేరీ హాళ్లలో వినడానికి పెద్దవాళ్లే ముఖం చిట్లించేవారు. అదే సంగీతాన్ని ఒక ఎలుక వెనుక నడిపిస్తే పసిపిల్లలు పడీ పడీ నవ్వారు. మన సంగీతంలోనూ స్వరస్థానాలు పన్నెండే. షడ్జమం పట్టు వదిలి, ఆధారశ్రుతి లేకుండా పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోమంటే సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు విషయం ఇట్టే అందుతుంది.

పెద్దల్లో కొందరు దీన్ని సంగీతం అనడానికి ఒప్పుకోరు, గోల అంటారు. కదలికను అడుగడుగునా సంగీతంతో అనుకరించడాన్ని 'మిక్కీ మౌసింగ్‌' అంటూ పాశ్చాత్యులు కూడా కాస్త చులకనగానే మాట్లాడారు. మనకా చులకన ఎందుకు? తోలుబొమ్మలాటలో బొమ్మలు తలపడే వేళకు తెర వెనుక కాళ్ల కింది చెక్కలు ధనధనా మోగాల్సిందే. కేతిగాడికి పడే దెబ్బకూ మద్దెల దెబ్బకూ మధ్య ఎడం వస్తే ఆట చెడినట్టే. పద్ధతులు వేరు, సాధనాలు వేరు. నవ్వుకూ లయకూ ఉన్న లంకె మాత్రం ఒకటే.

ఇక భాష సంగతి. మాటలు తగిలించిన వీడియోలో పిల్లాడు తెలుగు వింటాడు, నిజమే. ఎలాంటి తెలుగు? పది పన్నెండు తిట్లూ నాలుగు సినిమా మాటలూ. తను మాత్రం నోరు తెరవడు. అసలు చిత్రాన్నే వేసి, మాటలు పిల్లల నుంచి రాబట్టండి. ఆరో తరగతిలో నేను చేయించేది ఇదీ: మొదట తెర మూసేసి రెండు నిమిషాలు సంగీతం ఒక్కటే వినిపిస్తాను. ఎవరు వస్తున్నారు, బరువైనవాడా తేలికైనవాడా, దొంగలా నడుస్తున్నాడా పరుగెడుతున్నాడా? వయొలిన్‌ తీగలను వేళ్లతో మీటితే పిల్లి మునివేళ్ల మీద వస్తోందని చిన్నపిల్లలు సైతం చెప్పేస్తారు. ట్రాంబోన్‌ జారితే ఎవరో జారారు. ఆ తర్వాత బొమ్మతో కలిపి చూస్తాం. మూడోసారి ధ్వని ఆపేసి, సంగీతం పనిని పిల్లలనే నోటితో చెయ్యమంటాను.

అప్పుడు చూడాలి. టుకుటుకు, జరజర, గిర్రున, తుర్రున, ధభేలుమని, ఠంగుమని, గుటుక్కున. ధ్వన్యనుకరణ పదాలు తెలుగులో ఉన్నన్ని ఏ పాఠ్యపుస్తకంలోనూ పట్టవు. ఇంట్లో అమ్మమ్మ నోట విన్నవి, పిల్లలకు తెలుసునని మనకే తెలియనివి, బయటపడతాయి. మధ్యలో కన్నడ మాటో తమిళ మాటో ఒడియా మాటో దొర్లుతుంది. దొర్లనివ్వండి. బోర్డు మీద పక్క పక్కనే రాసి, రెండు భాషల్లో పిల్లి ఒకేలా పడుతుందా అని అడగండి. ఆ పీరియడ్‌లో నిద్రపోయిన పిల్లవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఆమ్రేడితం పాఠం చెప్పేటప్పుడు చాలామందిని చూశాను.

అభ్యంతరాలు లేకపోలేదు. ఆ చిత్రాల్లో కొట్లాట ఎక్కువ అంటారు. నిజం. పాత చిత్రాలు కొన్నిటిలో నల్లజాతి పనిమనిషిని చూపించిన తీరు ఈనాడు ఎవరూ సమర్థించలేనిది. టీచరు ముందే చూసి ఏరుకోవాలి, యూట్యూబ్‌ వరసగా ఇచ్చేదాన్ని అలా వదిలెయ్యకూడదు. ఫోను అలవాటు మాన్పించాల్సిన బడే కార్టూన్లు చూపించడమా అన్న ప్రశ్న అన్నిటికన్నా గట్టిది. నా జవాబు ఒక్కటే: నెలకు ఒక పీరియడ్‌, ఏడు నిమిషాల చిత్రం, నలభై మంది కలిసి, ఒక్క పెద్ద తెర మీద. ఒంటరిగా మంచం మీద బోర్లా పడుకుని చూసే గంటలకూ దీనికీ పోలిక లేదు.

మొదలుపెట్టేవాళ్లకు 1947లో వచ్చిన 'ద క్యాట్‌ కన్సర్టో' మంచిది. టామ్‌ కోటు తొడుక్కుని ఫ్రాంజ్‌ లిస్ట్‌ రాసిన రెండో హంగేరియన్‌ రాప్సొడీ పియానో మీద వాయిస్తుంటాడు. పియానో లోపల నిద్రపోతున్న జెర్రీకి మెలకువ వస్తుంది. చిత్రం మొత్తం ఆ ఒక్క కచేరీయే, కొట్లాటంతా తాళం తప్పకుండా సాగుతుంది. దాని తర్వాత 2013లో లండన్‌ ప్రామ్స్‌ ఉత్సవంలో జాన్‌ విల్సన్‌ ఆర్కెస్ట్రా వాయించిన టామ్‌ అండ్‌ జెర్రీ సంగీతం వీడియో చూపించండి. కార్టూన్‌ కనబడదు, వాయించే మనుషులు కనబడతారు. ఈ చప్పుళ్ల వెనుక ఇంతమంది ఉన్నారా అని పిల్లలు నోళ్లు తెరుస్తారు.

ఒక చిన్న జాగ్రత్త. ఫోను స్పీకరులో బసూన్‌, డబుల్‌ బాస్‌ లాంటి మంద్ర వాద్యాలు వినబడవు, పిల్లి బరువంతా ఎగిరిపోయి ఎలుక కీచులు మాత్రం మిగులుతాయి. స్మార్ట్‌ బోర్డు లేని బడిలో వార్షికోత్సవానికి వాడే సౌండ్‌ బాక్సు ఉంటుంది, దాన్ని బీరువాలోంచి తీయించండి.