బొమ్మ చెడినా లెక్క మిగలాలి

చిత్రకళ డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా కళాశాల వెనుక గోడ మీద ఒక బొమ్మ వేశాను. ట్యూబు రంగుల మీద అప్పటికే విసుగు పుట్టింది. వంటింట్లో దొరికే వాటితోనే బొమ్మ వేయాలని పట్టుదల. గోడకు ముందు రోజే సున్నం కొట్టారు. పల్చటి గంజిలో పసుపు కలిపి, పెద్ద కుంచెతో పొద్దుతిరుగుడు పువ్వులు వేయడం మొదలుపెట్టాను. మొదటి పువ్వు పూర్తయ్యేలోపే ఎర్రబడింది. రెండోదీ అంతే. పసుపులో కల్తీ ఉందనుకుని వేరే కొట్టుకు వెళ్లి మరో పొట్లం తెచ్చాను. అదీ ఎర్రబడింది. కొన్నాళ్లకు ఆ ఎరుపు గోధుమ రంగుకు తిరిగింది. వేసవి సెలవులు అయిపోయి మళ్లీ వచ్చేసరికి గోడ మీద మరకలే ఉన్నాయి, పువ్వులు లేవు. ఆ బొమ్మకు నాకు వచ్చిన మార్కులు కూడా అంతంత మాత్రమే.

ఇంటికి వెళ్లి ఈ సంగతి చెబితే మా అమ్మమ్మ పడి పడి నవ్వింది. "పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడదూ? పారాణి ఎలా చేస్తారనుకున్నావే?" అంది.

పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, రెండూ పసుపు, సున్నం కలిపి చేసేవే. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బడిలో ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పినప్పుడు పసుపు రాసిన కాగితం మీద సబ్బు నీళ్లు చల్లి అది ఎర్రబడటమూ చూశాను. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. తడి సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. అంత క్షారంలో కర్కుమిన్ ఎక్కువ కాలం నిలవదు, విచ్ఛిన్నమైపోతుంది. మిగిలిన కాస్త రంగును ఎండ తినేస్తుంది. అమ్మమ్మకు తెలిసిన విషయం, బడిలో చదివిన విషయం, రెండూ ఆ గోడ ముందు నాకు గుర్తుకు రాలేదు. కళాశాలలో కూడా ఎవరూ గుర్తు చేయలేదు. చిత్రకళ ఒక లోకం, రసాయన శాస్త్రం మరో లోకం అన్నట్టే మాకు చదువు చెప్పారు.

ఇప్పుడు నేను చిత్రకళ పాఠాలు చెబుతున్నాను. నా విద్యార్థులు కాఫీ డికాక్షన్‌తో, తుప్పు పట్టిన మేకులతో, పేడతో, ప్లాస్టిక్ సంచులతో, కొబ్బరి పీచుతో, ఎక్స్‌రే ఫిల్ములతో బొమ్మలు చేస్తున్నారు. చేయాల్సిందే. ఆ వయసులో చేయకపోతే మరెప్పుడూ చేయరు. కానీ వారు చేస్తున్న వాటిలో చాలావరకు ప్రయోగాలు కావు, పందేలు. ఏం కలిపామో, ఎంత కలిపామో, ఎప్పుడు కలిపామో రాసుకోకుండా చేసిన పని కుదిరితే అదృష్టం, కుదరకపోతే దురదృష్టం. రెండింట్లో ఏది జరిగినా నేర్చుకున్నది ఏమీ ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొత్త పదార్థాలతో పనిచేసే ప్రతి కళా విద్యార్థికీ స్కెచ్‌బుక్కుతో పాటు ఒక ప్రయోగాల నోటుబుక్కు ఉండాలి. దానికి కళాశాల మార్కులు కూడా వేయాలి.

సంప్రదాయం అని మనం గౌరవించే ప్రతి పద్ధతీ ఒకనాడు కొత్త ప్రయోగమే. శ్రీకాళహస్తి కలంకారీని చూడండి. ముందుగా బట్టను కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. కరక్కాయలో టానిన్ ఉంటుంది. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత బట్ట మీద పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో గీత గీస్తారు. అందులోని ఇనుము బట్టలోని టానిన్‌తో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత బట్టను రంగు నీళ్లలో ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం రంగును నూలుకు పట్టించి ఉంచుతుంది. పటిక లేని చోట ఎరుపు నిలవదు. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా బట్ట పాడవుతుంది. పాలకు బదులు నీళ్లు వాడి చూసినవారు, కరక్కాయ పాళ్లు మార్చి చూసినవారు, పాడైన బట్టలను చూసి బాధపడినవారు ఎందరో ఉండి ఉండకపోతే ఈ వరుస మన దాకా వచ్చేది కాదు. వారు నోటుబుక్కులు రాయలేదు నిజమే. తండ్రి పక్కన కొడుకు, అత్త పక్కన కోడలు ఏళ్ల తరబడి కూర్చుని పనిచేసిన ఇళ్లలో ఆ లెక్క చేతి నుంచి చేతికి అందింది. నాలుగేళ్లు చదివి వెళ్లిపోయే విద్యార్థికి ఆ అవకాశం లేదు. అతని లెక్క కాగితం మీదే మిగలాలి.

ఎల్లోరా గుహల సంగతి ఇంకో రకం. అక్కడి మట్టి పూతలో గంజాయి మొక్క నార కలిపినట్టు పరిశోధకులు గుర్తించి, 2016లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఆ నార వల్లే పూత పురుగుల బారిన పడకుండా ఇన్ని శతాబ్దాలు నిలిచి ఉంటుందని వారి అంచనా. ఎప్పుడో ఒక పనివాడు మట్టిలో ఏ నార కలపాలో నిర్ణయించుకున్నాడు. ఆ కారణం ఏమిటో తెలుసుకోవడానికి మనకు సూక్ష్మదర్శిని కావాల్సి వచ్చింది.

దగ్గరి కాలానికి వస్తే, శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన 'సంథాల్ కుటుంబం' శిల్పం ఉంది. కంచు, పాలరాయి వంటి ఖరీదైన వాటిని పక్కన పెట్టి, ఆ నేలలోనే దొరికే ఎర్రటి లాటరైట్ గులకను సిమెంటులో కలిపి ఆయన దాన్ని నిలబెట్టారు. సంథాల్ మనుషులను వారు నడిచే నేలతోనే చేయడం వల్ల ఆ శిల్పానికి వచ్చిన గరుకుదనం పాలరాయితో వచ్చేది కాదు. పదార్థాన్ని మార్చడమంటే ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే కాదు, చెప్పే మాటను మార్చడం కూడా అని ఆ శిల్పం ముందు నిలబడితే అర్థమవుతుంది.

పదార్థం మీద పట్టు లేకపోతే ఎంతటి వారైనా దెబ్బ తింటారు. లియొనార్డో డావించీ మిలాన్‌లో 1495-98 మధ్య వేసిన 'చివరి విందు' అందుకు ఉదాహరణ. తడి సున్నపు పూత మీద వేస్తే రంగు గోడలో కలిసిపోయి గట్టిపడుతుంది. కానీ పూత ఆరేలోపు త్వరగా వేయాలి, మళ్లీ మళ్లీ దిద్దడానికి వీలుండదు. నెమ్మదిగా దిద్దుకుంటూ పనిచేసే లియొనార్డో ఆరిన గోడ మీద వేశాడు. కొన్ని దశాబ్దాలలోపే రంగు పెచ్చులుగా ఊడటం మొదలైంది. 1978లో మొదలైన చివరి పునరుద్ధరణ పూర్తి కావడానికి 1999 వరకు పట్టింది. వేయడానికి పట్టిన కాలం కంటే బాగుచేయడానికి పట్టిన కాలం ఎన్నో రెట్లు ఎక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణ ప్రయోగశాలలోనే ఉంది. మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన మాస్ సుబ్రమణియన్, 2009లో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్‌కు పనికొచ్చే పదార్థాల కోసం వెతుకుతున్నారు. ఇట్రియం, ఇండియం, మాంగనీస్ ఆక్సైడ్లను కలిపి బాగా కాల్చిన ఒక నమూనా కొలిమి నుంచి మెరిసే నీలి రంగులో బయటికి వచ్చింది. ఎవరూ కోరుకున్న ఫలితం కాదది. అయినా ఏది ఎంత కలిపారో, ఎంత వేడి చేశారో వారి దగ్గర లెక్క ఉంది. అందుకే ఆ నీలాన్ని మళ్లీ మళ్లీ చేయగలిగారు. ఇప్పుడది చిత్రకారులు కొనుక్కునే రంగు. అలాంటి అదృష్టం మా కళాశాల స్టూడియోలో కూడా ఎన్నోసార్లు తలుపు తట్టి ఉంటుంది. "మొన్న ఏదో కలిపితే భలే రంగొచ్చింది మేడమ్, మళ్లీ రావట్లేదు" అనే మాట నేను ఏటా వింటాను.

నోటుబుక్కు పెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పీహెచ్ కాగితాల చిన్న పుస్తకం, వంటింటి త్రాసు, నల్ల అట్ట ముక్కలు చాలు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. జిగురు మార్చిన రోజు రంగు మార్చకూడదు. ప్రతి మిశ్రమాన్నీ బొమ్మ మీద కాకుండా ముందు ఒక చిన్న పలక మీద పూసి, వెనుక తేదీ, పాళ్లు రాయాలి. ఆ పలకలో సగాన్ని నల్ల అట్టతో కప్పి ఎండ పడే కిటికీలో పెట్టాలి. నెల తర్వాత అట్ట తీస్తే రెండు సగాల తేడాయే చెబుతుంది ఆ రంగుకు ఎండను తట్టుకునే శక్తి ఎంతో. మ్యూజియంలు ఈ పనికే ఎనిమిది రకాల నీలి ఉన్ని పట్టీలను వాడతాయి. ఒక్కో పట్టీ దాని ముందుదాని కంటే దాదాపు రెట్టింపు కాలం వెలుగును తట్టుకుంటుంది. మన అట్ట ముక్క పద్ధతి దానికి పేద చుట్టం, అంతే.

ఈ పద్ధతి బొమ్మను కాపాడటం కోసమే కాదు, మనిషిని కాపాడటం కోసం కూడా. నేను చదివే రోజుల్లో ఒక సహ విద్యార్థి తలుపులు మూసిన గదిలో ఫైబర్ శిల్పం పోత పోస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. ముఖానికి తడి రుమాలు కట్టుకున్నాడు కాబట్టి ఏమీ కాదనుకున్నాడు. పాలియెస్టర్ రెసిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరిని రుమాలు ఆపదు, దుమ్ము మాస్కూ ఆపదు. ఆవిరులను పీల్చుకునే ప్రత్యేక గుళిక ఉన్న మాస్కు, గాలి ఆడే చోటు కావాలి. ఆ రెసిన్‌లో వాడే కోబాల్ట్ ద్రవాన్ని, హార్డనర్‌ను నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే మంట లేదా పేలుడు సంభవించవచ్చు. మొదటిది రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి. థర్మోకోల్‌ను వేడి తీగతో కోసినా హానికరమైన ఆవిరి వస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. సరదాగా చేతి అచ్చు తీద్దామని మందపాటి ముద్దలో చేయి పెట్టి ఉంచితే చర్మం కాలిపోతుంది. ఈ విషయాలు నాకు చెప్పింది పాఠ్యపుస్తకం కాదు, దుకాణంలో డబ్బాలు అమ్మే మనిషి. రసాయన శాస్త్ర విద్యార్థి కోటు, కళ్లద్దాలు లేకుండా ప్రయోగశాలలో అడుగు పెట్టలేడు. అవే రసాయనాలతో పనిచేసే శిల్పకళ విద్యార్థి చెప్పులతో నిలబడి ఉంటాడు.

ఇక్కడ నా తోటి అధ్యాపకులు కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. కొలతలు, పట్టికలు మొదలుపెడితే కళలోని ఆకస్మికత చచ్చిపోతుందని. ఆవకాయ పెట్టే అమ్మమ్మను చూస్తే ఈ భయం పోతుంది. ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు ఆమెకు కచ్చితంగా తెలుసు. తెలుసు కాబట్టే ఈ ఏడాది కాయ పులుపును బట్టి వాటిని మార్చగలదు. పాళ్లు తెలియని వారికి మార్చడానికి ఏమీ ఉండదు. మరి కొందరు, బొమ్మ చెడిపోతే మాత్రం ఏం, అన్నీ నిలవాలని ఉందా అంటారు. నిజమే, అన్నీ నిలవక్కర్లేదు. వాకిట్లో ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. అది చెరిగిపోతుందని వేసినవారికి తెలుసు, చూసేవారికీ తెలుసు. నా పువ్వులు పోతాయని నాకు తెలియదు. కావాలని పోనిచ్చిన బొమ్మ వేరు, తెలియక పోగొట్టుకున్న బొమ్మ వేరు.

కాబట్టి కళాశాలల నుంచి నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. ఏడాది చివర పూర్తయిన బొమ్మలతో పాటు నమూనా పలకల పుస్తకాన్ని కూడా పరీక్షకులు చూడాలి. ఎందుకు చెడిందో చక్కగా రాసిన పలకకు, కుదిరిన పలకతో సమానంగా మార్కులు ఇవ్వాలి. పక్కనే ఉన్న సైన్స్ కళాశాల నుంచి ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు వారానికి ఒక్క గంట వచ్చినా చాలు. జాతీయ విద్యా విధానం 2020 కళలకు, శాస్త్రాలకు మధ్య గోడలు ఉండకూడదని చెబుతూనే ఉంది. విద్యార్థి వెళ్లిపోయేటప్పుడు అతని నమూనా పుస్తకం ప్రతి ఒకటి కళాశాల గ్రంథాలయంలో ఉంచాలి. లేకపోతే ప్రతి కొత్త తరగతీ అదే గోడ మీద అదే పసుపు పూసి అదే మరకలతో మిగులుతుంది. కలంకారీ కళాకారుల దగ్గర రెండు రోజుల శిక్షణకు వెళ్లి నేర్చుకున్న పద్ధతి అయితే, అది ఎవరి ఇంట నేర్చుకున్నదో కూడా ఆ పుస్తకంలో రాయాలి.

ఏటా మొదటి తరగతిలో నేను సున్నం పూసిన పెంకులు పంచుతాను. ఒక గిన్నెలో గంజి పసుపు, మరో గిన్నెలో గంజిలో కలిపిన పచ్చని మట్టి రంగు పెడతాను. ఇనుము వల్ల రంగు వచ్చే ఆ మట్టిని సున్నం ఏమీ చేయలేదు. పసుపు ఎర్రబడగానే తరగతిలో గోల మొదలవుతుంది. చేతులు కడుక్కోవడానికి ముందే చూసింది రాయమంటాను. ఈ ఏడాది ఒక అమ్మాయి రాసింది: "పసుపు ఎర్రబడింది, మట్టి మారలేదు. ఎందుకో తెలియదు. గంజి వల్లనేమో. రేపు గంజి లేకుండా ఒకటి, సున్నం లేకుండా ఒకటి వేసి చూడాలి." ఆమెకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. మర్నాడు ఇంకో రెండు పెంకులు ఇచ్చాను.