కత్తికి పేరుంది, ఒరకు పేరు లేదు!

సెలవు రోజున ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్ల పిల్లల్ని వెంటబెట్టుకుని నగరంలో ఒక మ్యూజియానికి వెళ్లాం. జమీందార్ల కత్తులు, వెండి సామాన్లు, గోడనిండా మీసాల పటాలు. ప్రతి కత్తి కిందా అది ఏ దొరదో రాసి ఉంది. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు: "మాస్టారూ, కత్తి రాజుగారిదయితే, ఒర కుట్టినోడు ఎవులండి?"

మా దగ్గర జవాబు లేదు. ఆ అట్టముక్క మీదా లేదు.

తోలు శుద్ధి చేసి కుట్టిన మాదిగ ఏడీ? బట్ట నేసిన మాల ఏడీ? ఊరి మురికి ఎత్తిన రెల్లి ఏడీ? వాడుకున్నవాడిది వైభవమట, చేసినవాడిది వెట్టట! ఇదేనా కళంటే?

"పేర్లు దొరకవండీ, ఆ రోజుల్లో ఎవరూ రాయలేదు" అంటారు పెద్దలు. అబద్ధం! సుమారు రెండు వేల ఏళ్ల కిందట అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినవాడు విధికుడు. శాసనంలో అతని వృత్తి 'చమ్మకార' అనే ఉంది. అంటే తోలు పనివాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లిని, భార్యను, అన్నదమ్ముల్ని, పిల్లల్ని కలుపుకుని ఇచ్చిన దానం అది. బుద్ధుని చోట తోలు పని చెప్పుకోడానికి సిగ్గు లేకపోయింది. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆ దారినే ఎందుకు పట్టారో ఆలోచించండి.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన రాజచిహ్నం నడుమ ఉన్నది ఆ అమరావతి పూర్ణఘటమే. సర్కారు కాగితాల మీద ఘటం ఉంది. విధికుడి పేరు ఎన్ని బళ్లలో చెబుతున్నారు?

మనమూ తక్కువ తినలేదు. తాతల ఆరె, రంపె, డప్పు సిగ్గుపడి పారేసింది చదువుకున్న మేమే. ఆ తప్పు ఒప్పుకుంటున్నాం. ఈవేళ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే చెయ్యి, వెల్డింగ్ చేసే చెయ్యి కూడా రేపు ఇలాగే మాయమైపోవాలా?

మ్యూజియాల వారిని అడుగుదాం: ప్రతి వస్తువు కిందా చేసిన వృత్తివాళ్లెవరో రాయండి. పేరు దొరక్కపోతే "తెలియదు" అనకండి, "ఎవరూ రాసిపెట్టలేదు" అని రాయండి. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

సంఘాల సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ప్రతి పేటలో అంబేద్కర్ భవనంలో ఒక బీరువా పెట్టండి. మిగిలిన పనిముట్లు అందులో దాచండి. చేసినవాళ్ల పేరు, ఊరు, వాడినవాళ్ల పేరు ముసలివాళ్లనడిగి రాయండి. వాళ్లు పోయాక అడగటానికి ఎవరూ ఉండరు.

బొమ్మల కోసం కాదు, మన పేర్ల కోసం మ్యూజియాలకు పోదాం. పిల్లల్ని తీసుకుపోదాం. అడగమని చెబుదాం.

జై భీమ్!