పెర్మిలి పిల్లకు నిండు బ్యాటరీ
మహారాష్ట్రలో ఆలాపల్లి నుంచి భామ్రాగడ్ వెళ్లే అడవి దారిలో ఉంది పెర్మిలి. గాలివానకు కరెంటు పోతే అలాంటి ఊళ్లో చదువుకునే పిల్లకు ల్యాప్‌టాప్ బ్యాటరీయే దిక్కు. ఆ పిల్లకు పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి దానమిచ్చేస్తే సగం పనే అయినట్టు. టీఎల్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ప్రాసెసర్, డిస్క్, వైఫైల పొదుపు అదే చూసుకుంటుంది. ఇంటెల్ 2007లో తెచ్చిన పవర్‌టాప్, ప్రాసెసర్‌ను మాటిమాటికీ నిద్రలేపుతున్న ప్రోగ్రామేదో పట్టిస్తుంది. తెర వెలుగు తగ్గించడం, సిగ్నల్ లేనిచోట వైఫై కట్టేయడం ఎవరైనా చేయగలిగినవే. ఒక్క సలహాతో మాత్రం నాకు పేచీ ఉంది: చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపమనడం. థింక్‌ప్యాడ్ వంటివాటిలో ఆ సదుపాయం ఉంది. దానివల్ల బ్యాటరీ ఆయుష్షు పెరిగే మాటా నిజమే. కానీ అది రోజంతా ప్లగ్గులోనే ఉంచే పట్నం మనిషికి. రాత్రికి కరెంటు ఉంటుందో లేదో తెలియని పిల్లకు ఆ మిగతా 20 శాతమే ఒక పాఠం. బ్యాటరీ అరిగితే మార్చుకోవచ్చు, పరీక్ష ముందు రాత్రి తిరిగి రాదు. దాతలారా, ఆ హద్దు తీసేసి 100కు పెట్టి, హద్దు మార్చుకునే పద్ధతి తెలుగులోనూ మరాఠీలోనూ రాసిన చీటీ మూతకు అంటించి ఇవ్వండి.