ఉత్తమ పురుషలో ఒక దోషం

జర్మన్ తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ దంపతులను హైడెల్‌బర్గ్ నుంచి తరలించడానికి నాజీలు ఖాయం చేసిన తేదీ 1945 ఏప్రిల్ 14. భార్య గెర్ట్రూడ్ యూదురాలు. ఆమె చేయి వదలనందుకు 1937లో ఆయన ఆచార్య పదవి పోయింది. తర్వాత పుస్తకాలు అచ్చువేసుకునే వీలూ పోయింది. ఆ తేదీకి రెండు వారాల ముందు అమెరికన్ సైన్యం ఊళ్లోకి రావడంతో ఇద్దరూ బతికి బట్టకట్టారు.

అంత అనుభవించినవాడు ఎదుటివాళ్లను వేలెత్తి చూపినా కాదనేవారు లేరు. ఆయన మాత్రం మళ్లీ తెరిచిన విశ్వవిద్యాలయంలో జర్మన్ల దోషం గురించి ఉపన్యాసాలిచ్చి, 1946లో పుస్తకంగా తెచ్చారు. దోషాన్ని అందులో నాలుగుగా విడదీశారు. చట్టాన్ని మీరినది నేరం, తీర్పు కోర్టుది. రాజ్యం చేసిన పనికి పౌరులంతా మోయాల్సినది రాజకీయ బాధ్యత. నైతిక దోషానికి ఎవరి అంతరాత్మకు వారు జవాబు చెప్పుకోవాలి. నాలుగోది అధిభౌతిక దోషం: సాటిమనిషిని ఈడ్చుకుపోతుంటే ప్రాణాలొడ్డకుండా మిగిలిపోయినవాడి భారం. దాన్ని విచారించేది దైవమే. ఈ నాలుగో పద్దులో యాస్పర్స్ తనను కూడా కలుపుకున్నారు.

మానసిక వైద్యుడిగా మొదలైన మనిషి కదా, రోగనిర్ణయంలో తొందరపడలేదు. జాతి మొత్తాన్ని నేరస్తురాలనడం యూదుల విషయంలో నాజీలు చేసిన ఆలోచనే అని హెచ్చరించారు. శిష్యురాలు హన్నా ఆరెంట్ మాత్రం ఆ ఏడాదే ఉత్తరంలో అభ్యంతరం తెలిపారు: ఈ నేరాలు ఏ చట్టానికీ అందవని. యాస్పర్స్ ఒప్పుకోలేదు. అలా అంటే నేరస్తులకు రాక్షస వైభవం అంటగట్టినట్టవుతుంది, ఆ నేరాలను వాటి చవకబారుతనంలోనే చూడాలి అన్నారు. 1963లో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణపై ఆరెంట్ రాసిన పుస్తకానికి పేరు తెచ్చిన ఆలోచన అదే.

మరణం, బాధ, సంఘర్షణ, దోషం: మనిషి తప్పించుకోలేని ‘పరిమితి స్థితులు’ ఇవని యాస్పర్స్ యుద్ధానికి ముందే రాశారు. యుద్ధం ఆ నాలుగో మాటను ఆయన గుమ్మంలోకే తెచ్చింది.

ఊచకోత ఎక్కడ జరిగినా మనకు రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి: ‘అందరిదీ తప్పే’, ‘నాకేం సంబంధం’. మొదటిది అంటే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. రెండోది అంటే మనది కాకుండా పోతుంది. యాస్పర్స్ విభజన రెండింటికీ చోటివ్వదు. మన కథల్లో, కవితల్లో దోషి ఎక్కువగా ప్రథమ పురుషలోనే కనిపిస్తాడు: వాడు, వాళ్లు. ఆ వాక్యాన్ని ఉత్తమ పురుషలో రాయవచ్చని చూపినవాడు యాస్పర్స్.