ఏలీ అడిగిన మాట మనం అడుగుతున్నామా?



మిరప కోతలు నడుస్తున్న రోజులివి. ఆదివారం మందిరంలో చాపలు సగం ఖాళీగానే ఉంటున్నాయి. కళ్లాల దగ్గర కాపలా ఉన్నవారు, కోత ముగించుకొని ఇల్లు చేరినవారు రాత్రి పూట ఫోనులో ఈ మాటలు చదువుతారని మాకు తెలుసు. అందుకే ప్రసంగంలో పట్టని ఒక సంగతిని ఇక్కడ వ్రాస్తున్నాము. మేము అంటే మేమిద్దరం. మీరు అయ్యగారు, అమ్మగారు అని పిలిచే ఇద్దరం. ఈ మాటలు కొందరికి కష్టంగా ఉంటాయి. కోపం వస్తే ఇంటికి వచ్చి కూర్చొని మాట్లాడండి. చివరి వరకు చదివి రండి, అంతే మా మనవి.

సంగతి ఇది. రెండు నెలలుగా మన యవ్వన బిడ్డల మధ్య ఒక బొమ్మల పుస్తకం చేతులు మారుతోంది. పేరు పర్సెపొలిస్. వ్రాసి, బొమ్మలు వేసినామె మర్జానె సత్రపి. 1969లో ఇరానులో పుట్టి, టెహ్రానులో పెరిగింది. తన బాల్యాన్నే నలుపు తెలుపు బొమ్మలలో చెప్పుకుంది. ఫ్రాన్సులో 2000 నుండి 2003 మధ్య నాలుగు భాగాలుగా వచ్చింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు దాన్ని తెలుగులోకి తెచ్చారు. ఒంగోలులో చదువుకుంటున్న మన బిడ్డ ఒకామె ఆ తెలుగు పుస్తకం తెచ్చింది. ఆమె చదివి చెల్లెలికిచ్చింది. చెల్లెలు స్నేహితురాలికిచ్చింది. అట్ట ఊడితే ఎవరో గోధుమరంగు కాగితం అంటించారు. లోపలి పేజీల మీద మిరపకారపు వేళ్ల గుర్తులు కూడా ఉన్నాయి.

అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. తరువాత ఎవరో ఒక్క పేజీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో చిన్నపిల్ల దేవుణ్ణి వెళ్లిపొమ్మని అరుస్తుంది. ఆ ఒక్క పేజీ అరగంటలో మూడు గ్రూపులు దాటింది. మరునాడు ఉదయమే పెద్దలు ముగ్గురు మా వాకిట్లో ఉన్నారు. "అయ్యగారూ, ఈ పుస్తకం మన పిల్లల చేతుల్లో తిరగడానికి వీల్లేదు. మీరు ఆదివారం చెప్పండి" అన్నారు.

మేము చెప్పము. ఎందుకు చెప్పమో వ్రాస్తున్నాము.

ముందు మా తప్పు ఒప్పుకుంటాము. పుస్తకం మా ఇంటికి వచ్చినప్పుడు మేమూ దాన్ని బీరువా మీద పెట్టి మూడు వారాలు ముట్టలేదు. బొమ్మల పుస్తకమే కదా అనుకున్నాము. పెద్దలు వచ్చి వెళ్లిన రాత్రి దీపం దగ్గర పెట్టుకొని ఇద్దరం కలిసి మొదటి నుండి చదివాము. చదవకముందు మాట్లాడటం ఎంత తేలికో ఆ రాత్రి తెలిసింది.

ఆ పిల్ల దేవుణ్ణి ఎందుకు వెళ్లిపొమ్మంది? ఫోటో పంపినవారు అది చెప్పలేదు. ఆమెకు అనూష్ అని ఒక చిన్నాయన. ఏళ్ల తరబడి జైలులో ఉండి వచ్చాడు. జైలులో రొట్టెతో చేసిన చిన్న హంసను ఆమెకిచ్చాడు. ప్రభుత్వం మారిన తరువాత మళ్లీ పట్టుకుపోయారు. చంపేముందు ఒక్కరినే చూడనిస్తామంటే ఆయన ఆ పిల్లనే అడిగాడు. తరువాత ఉరి వార్త పేపరులో వచ్చింది. ప్రతి రాత్రి మంచం మీద దేవుడితో కబుర్లు చెప్పుకున్న పిల్ల, పెద్దయ్యాక ప్రవక్త అవుతానన్న పిల్ల, ఆ రాత్రి దేవుడి మీద అరిచింది. పెద్దలారా, ఇది దేవదూషణా? లేక దేవుడు ఉన్నాడని గట్టిగా నమ్మిన పిల్ల మాత్రమే ఏడవగల ఏడుపా? దేవుడు లేడనుకునేవాడు ఎవరిని వెళ్లిపొమ్మంటాడు?

యోబు గ్రంథము 3వ అధ్యాయం తీసుకోండి. ఒక్క వచనం ఫోటో తీసి, ఎవరు వ్రాశారో చెప్పకుండా గ్రూపులో పెట్టండి. తాను పుట్టిన దినాన్నే శపించుకుంటున్న మనిషి మాట అది. యిర్మీయా 20వ అధ్యాయం చివర కూడా అంతే. 88వ కీర్తన చూడండి. అది మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. వెలుగు రాదు. దాన్ని పరిశుద్ధ గ్రంథంలోనుండి చించివేయమని ఏ పెద్దా అడగలేదు. దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్న ఏడుపును, మన పిల్లలు ఒక బొమ్మలో చూస్తే మనకెందుకంత భయం?

రెండవ అభ్యంతరం, అది ముస్లిముల దేశపు కథ, మనకెందుకు అని. ఆ పుస్తకంలో మెహ్రీ అని పనిపిల్ల ఉంటుంది. పేదరికం వల్ల చిన్నతనంలోనే ఆ ఇంటికి పనికి వచ్చింది. చదువు రాదు. పొరుగింటి కుర్రవాణ్ణి ఇష్టపడితే, ఉత్తరాలు ఈ చిన్నపిల్లే వ్రాసిపెడుతుంది. ఆమె పనిమనిషి అని తెలియగానే ఆ అబ్బాయి తప్పుకుంటాడు. ఆ ఇంట్లో పనిపిల్ల యజమానులతో కలిసి భోజనం చేయదు. ఆరేళ్ల పిల్ల ప్రవక్త కావాలనుకోవడానికి ఒక కారణం అదే. ఇప్పుడు చెప్పండి, ఇది మనకు తెలియని దేశమా? దర్శి చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా, ఎవరి బల్ల దగ్గర ఎవరు కూర్చోవచ్చో, ఎవరి గ్లాసు విడిగా ఉంటుందో మనం పుట్టినప్పటినుండి చూడలేదా? నెలకొకసారి ప్రభువు బల్లలో పాలుపొందే మనకు, బల్ల దగ్గర అందరికీ చోటు కావాలన్న పిల్ల పరాయిదెలా అయింది?

ఇంకొకటి కూడా ఉంది. యుద్ధ కాలంలో బడిలో పేద మగపిల్లలకు బంగారు రంగు వేసిన ప్లాస్టిక్ తాళంచెవులు ఇచ్చి, యుద్ధంలో చస్తే ఇవే పరలోకపు తాళాలని చెప్పారని ఆమె చూపిస్తుంది. భక్తి పేరుతో పేదల బిడ్డలను మోసగించడం ఆ దేశానికే చెందిన పాపమా? ప్రార్థన నూనె సీసాకు వెల కట్టేవారు, దశమభాగం ఇస్తే అప్పు తీరుతుందని పత్తి రైతుకు చెప్పేవారు మన జిల్లాలో తిరగడం లేదా? మన బిడ్డలు ఆ ప్లాస్టిక్ తాళంచెవిని ఒకసారి చూసి ఉంటే మంచిది. రేపు మరొక రంగులో వచ్చినప్పుడు గుర్తుపడతారు.

మూడవది, పుస్తకం ఆపితే సరిపోతుందనే నమ్మకం. 2013లో అమెరికాలోని చికాగో నగరంలో ఈ పుస్తకాన్నే తరగతి గదులనుండి తీసివేయమని బడుల అధికారులు చెప్పారు. విద్యార్థులు వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. గ్రంథాలయాలనుండి తీసేయడం లేదని అధికారులు సర్దిచెప్పుకోవలసి వచ్చింది. మన పిల్లలు వీధిలోకి రారు. మనతో మాట్లాడటం మానేస్తారు. అది ఇంకా నష్టం.

అయితే ప్రియులారా, అసలు గొడవ ఇరాను పుస్తకం గురించి కాదు. దాన్ని చదివిన మన బిడ్డ ఒకామె ఏమి చేసిందో, దాని గురించి. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము. పేరు చెప్పము, ఎవరో ఊహించే పని మీరూ పెట్టుకోకండి.

ఆ బిడ్డ నోటుపుస్తకంలో నాలుగు పేజీలు వ్రాసి, పక్కన పెన్సిలుతో బొమ్మలు వేసింది. తొమ్మిదో తరగతిలో సంక్రాంతి సెలవుల తరువాత తాను బడికి వెళ్లలేదు. ఇంట్లో తీసుకున్న అడ్వాన్సు తీరాలి గనుక కోతలకు వెళ్లింది. ఘాటుకు రాత్రంతా చేతులు మండేవి. గట్టు మీద మధ్యాహ్నం నీళ్లు అడిగితే చేతుల్లో ఎత్తిపోశారు. ఆ మూడు నెలలు ప్రార్థించినా దేవుడు తనతో మాట్లాడినట్టు అనిపించలేదని కూడా వ్రాసింది. దాన్ని ఆదివారం సాక్ష్యంగా చదువుతానని అడిగింది. ఒక పెద్దాయన కాదన్నారు. "సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలమ్మా. ఇది ఇంటి గుట్టు" అన్నారు.

ఆ పెద్దాయన మీద మాకు గౌరవం ఉంది. కాని ఆయన మాట తప్పు. దాన్ని మనకు నేర్పినది మేమే గనుక తప్పు మాది కూడా. ఇన్నేళ్లుగా మన సాక్ష్యాలన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒకప్పుడు తాగేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. ఒకప్పుడు జబ్బు, ఇప్పుడు స్వస్థత. ముగింపు దొరికినవారికే మైకు ఇస్తున్నాము. ఇంకా నడి దారిలో ఉన్న బిడ్డకు, జవాబు రాని బిడ్డకు మన మందిరంలో మాట్లాడే చోటే లేదు. అలాంటి బిడ్డ ఎక్కడో ఇరానులో తనలాంటి మరో పిల్లను కనుగొంటే, ఆమెను కూడా లాక్కుంటామా?

సమూయేలు మొదటి గ్రంథము 3వ అధ్యాయం మనకందరికీ సండే స్కూలునుండి తెలుసు. రాత్రి పిలుపు వరకే పిల్లలకు చెప్పి ఆపేస్తాము. తరువాతిది పెద్దల కోసం వ్రాసి ఉంది. దేవుడు ఆ పిల్లవాడికి చెప్పినది ఏలీ ఇంటి మీద వచ్చే తీర్పు. పిల్లవాడు తెల్లవారేదాకా పడుకొని, ఆ మాట చెప్పడానికి భయపడ్డాడు. అప్పుడు ఏలీ ఏమి చేశాడు? ఇంటి గుట్టు అనలేదు. ఏదీ దాచవద్దని పిల్లవాణ్ణి బలవంతం చేశాడు. తనకు విరోధమైన మాటనంతా కూర్చొని విన్నాడు. విని, ఆయన ప్రభువు అని ఒప్పుకున్నాడు. కుమారుల విషయంలో ఏలీ ఓడిపోయాడు. కాని ఆ ఉదయం మాత్రం పెద్దరికం అంటే ఏమిటో చూపించాడు. ఆ మాట ఆయన అడగకపోతే సమూయేలు నోరు ఆ రోజే మూతపడేది.

మన పూర్వికులు కూడా ఇలాగే మాటను మోసారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొరగారి పేరు మనకు గుర్తుంది. తోళ్ల పని చేసుకొనే యెర్రగుంట్ల పేరయ్య గారి పేరు ఎందరికి గుర్తుంది? ఆయనలాంటివారు పల్లె పల్లెకు నడిచి తమ బ్రతుకు కథ చెప్పబట్టే ఈ ప్రాంతంలో సంఘం నిలిచింది. ఆ తరం మాదిగ పెద్దల జీవితాలను విని, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు 1899లో పుస్తకంగా వేశారు. అది ఇంగ్లీషులో ఉంది. మన తాతల బాల్యం మన ఇళ్లలో లేదు. వారు చెప్పారు, ఎవరో విన్నారు, మనం అందుకోలేదు. ఇప్పుడు మన బిడ్డ తెలుగులో, తన చేతివ్రాతతో చెబుతానంటే నోరు మూయించేవారిగా మనం మిగలకూడదు.

పెద్దల మాటలో న్యాయం ఉన్నచోట మేము తలవంచుతాము. ఆ పుస్తకంలో ఖైదీలను హింసించిన బొమ్మలున్నాయి. చిన్నపిల్లలు చూడదగినవి కావు. కాబట్టి పదో తరగతి దాటినవారికే ఇవ్వండి. తల్లి గాని అక్క గాని కూడా చదివి, పక్కన కూర్చొని మాట్లాడండి. ఆ తరువాత ఇంకొకరికి ఇవ్వండి. చేతినుండి చేతికి ఇచ్చేటప్పుడు ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఫోటో తీసి పంపేటప్పుడు ఎవరి ముఖమూ ఎవరికీ కనబడదు. ఒక్క పేజీని విరిచి పంపడం పంచుకోవడం కాదు, అది కొండెము చెప్పడమే. ఆ ఫోటో పంపినవారు పుస్తకం మొత్తం చదివి, గ్రూపులో క్షమాపణ చెప్పాలని కోరుతున్నాము. మరో ప్రతి మా సొంత డబ్బుతో తెప్పిస్తున్నాము. కానుకల పెట్టె ముట్టుకోము.

ఇక ఆ బిడ్డ సాక్ష్యం. వచ్చే ఆదివారం ప్రసంగం తగ్గించుకొని ఆమెకు సమయం ఇస్తున్నాము. తల్లిదండ్రులతో మాట్లాడాము. తండ్రి చాలాసేపు మౌనంగా ఉండి, "చదవనివ్వండి అయ్యగారూ. నేనూ వినాల్సినదే" అన్నాడు. ఆ ఇంట్లో ఏలీ లేచాడని మేము దేవుణ్ణి స్తుతించాము. ఆమె చదివిన తరువాత ఎవరూ వెంటనే పాట ఎత్తుకోవద్దు. సలహా చెప్పవద్దు. కాసేపు మౌనంగా ఉందాము. కోతలకు పోయేవారు కూడా ఆ ఒక్క పూట రండి.

పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల నడుమ కూర్చొని ప్రశ్నలడిగాడని లూకా వ్రాశాడు. ఆ బోధకులు ఆయనను లేపి పంపివేయలేదు. మన మందిరంలో కూర్చున్న బిడ్డలనూ మనం లేపి పంపకుండునట్లు ప్రభువు మనకు చెవులు దయచేయును గాక. ఆమేన్.