ఏజెంట్ల బుర్ర సరే, లూపు సంగతేంటి?

పోయిన నెల మా ఆఫీసులో ఓ డెమో. తెర మీద ఒక భవనం, రెండొందల ఏజెంట్లు, ఓ మూల మంట. ప్రతి ఏజెంటు వెనకా ఒక భాషా మోడల్. "అయ్యో, మా ఆవిడ ఎక్కడుందో" అనుకుంటూ తలుపు వైపు పరిగెడుతున్నాయి. చప్పట్లే చప్పట్లు. ఈ లెక్క చూసే క్లయింటు రెండో గుమ్మం కావాలో వద్దో తేల్చుకుంటాడట!

నేను వెనక కుర్చీలోంచి ఒక్కటే అడిగాను, ఏడో నంబరు మెట్ల దగ్గర ఎందుకు ఆగిందని. లాగులో ప్రాంప్టూ, జవాబూ ఉన్నాయి. కారణం లేదు. మళ్ళీ రన్ చేస్తే అసలది ఆగనే లేదు. "అందుకే సహజంగా ఉంది" అన్నాడు మా లీడు. రెండోసారి దొరకని బగ్గుకి ఇప్పుడు అదీ పేరన్నమాట.

ఆలోచించే ఏజెంటు నిన్న పుట్టలేదు సార్. 1987లో బ్రాట్‌మన్ అనే తత్వవేత్త రాసిన పుస్తకం ఆధారంగా ఆనంద్ రావు, జార్జెఫ్ నమ్మకం, కోరిక, సంకల్పం అని బీడీఐ పద్ధతి కట్టారు. 1996లో రావు ఏజెంట్‌స్పీక్ భాష ఇచ్చాడు, జేసన్ దాని మీదే నడుస్తుంది. అందులో ఏజెంటు ఆగితే ఏ నమ్మకం ఏ ప్లాన్‌ని లేపిందో చూడొచ్చు. ప్లాన్లు చేత్తో రాయలేక వేళ్ళరుగుతాయి, ఒప్పుకుంటా.

అసలు గొడవ షెడ్యూలరుది. ఎవరి వంతు ముందన్నది మనవాళ్ళ దృష్టిలో జూనియరుకి పారేసే పని. 1992లో నోవాక్, మే గళ్ళ మీద ప్రిజనర్స్ డైలెమా ఆడించి, సహకరించేవాళ్ళూ మోసగాళ్ళూ కలిసి మనగలరని చూపించారు. ఆ కోడులో అందరూ ఒకేసారి మారతారు. మరుసటేడు హ్యూబర్‌మన్, గ్లాన్స్ ఒకరి తర్వాత ఒకరు మారేలా చేస్తే, అదే పారామీటరు దగ్గర సహకారం తుడిచిపెట్టుకుపోయింది. (వేరే విలువల దగ్గర నిలుస్తుందని నోవాక్ వాళ్ళు 1994లో జవాబిచ్చారు లెండి.) బుర్రలో ఒక్క అక్షరం మారలేదు బాబూ, లూపు మారింది!

మా డెమోలో లూపు ఏమిటంటారా? ఏపీఐ నుంచి ఎవరి జవాబు ముందొస్తే వాడు ముందు కదులుతాడు. నెట్‌వర్కు ఆలస్యమైనవాడు పొగలో పోతాడు. ఇది మనుషుల ప్రవర్తనా, మా సర్వరు ప్రవర్తనా?

వంతుల్ని మన చేతిలోకి తీసుకుని, వరస మార్చి మార్చి వంద రన్లు చేశాకే గుమ్మం మాటెత్తుదామని మెయిలు పెట్టాను. "నెక్స్ట్ రిలీజులో చూద్దాం" అన్నారు.

ప్లానులోంచి రెండో గుమ్మం తీసేశారని నిన్న తెలిసింది.