చిన్న పని పడితే చిన్నతనమా?

బి.ఎడ్. ప్యాసైన యువకుడు తాపీ పట్టుకుంటే అనంతపురం జిల్లా పల్లెల్లో రచ్చకట్ట మీద ఒకే మాట వినిపిస్తుంది. "అంత సదివి బేల్దారి పనికి పోతాండాడు." అన్నవారికి అది పొద్దుపోక అన్న మాట. విన్న తండ్రికి మాత్రం ఆ రాత్రి ముద్ద దిగదు. మరునాటి నుంచి కొడుకు పని మానుకుంటాడు. మళ్ళీ పుస్తకం తెరుస్తాడు. మళ్ళీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తాడు. ఇలాగే ఏళ్ళు గడిచిపోతున్నవి.

ఈ ఎదురుచూపు సోమరితనం కాదు. ఉపాధ్యాయ ఉద్యోగాల సంగతే చూడండి. 2018లో 7,902 పోస్టులకు డీఎస్సీ ప్రకటన వెలువడింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు మరో ప్రకటన వచ్చింది గాని, పరీక్ష జరగకుండానే రద్దయింది. చివరకు 16,347 పోస్టులకు 2025లో పరీక్ష జరిగింది. 2018లో పాతికేళ్ళున్నవాడికి ఈ పరీక్ష నాటికి ముప్పై రెండు నిండాయి. ఆ నడుమ కాలంలో అతడు ఏం తినాలి? ఇంటికి ఏమివ్వాలి? పెళ్ళి సంబంధం వస్తే ఏం చేస్తున్నాడని చెప్పాలి? ఏ ప్రకటనలోనూ ఈ ప్రశ్నలకు జవాబు లేదు.

నిరుద్యోగ భృతి ఈ నడుమ కాలం కోసమే. రాష్ట్ర ప్రభుత్వం 2018 అక్టోబరు 2న యువనేస్తం పేరిట నెలకు రూ.1,000 ఇవ్వడం మొదలుపెట్టింది. 2019 ఎన్నికలకు ముందు దానిని రూ.2,000 చేశారు. ఎన్నికల తరువాత అది ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో రూ.3,000 హామీ వినిపించింది. అంకె పెరుగుతున్నది సరే, అసలు మెలిక అంకెలో లేదు. యువనేస్తంలో ఉద్యోగంలో ఉన్నవారు అనర్హులుగా ఉండేవారు. ఆ లెక్కన రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట కొద్ది జీతానికి కుదిరిన డిగ్రీ పిల్లకు భృతి వచ్చేది కాదు. ఇంట్లో ఊరికే కూర్చున్నవారికి వచ్చేది. చిన్న పని పట్టినవారిని చూసి ఊరు నవ్వుతుంది, ప్రభుత్వం జాబితాలోంచి పేరు కొట్టివేసింది. రెండు వైపులా దెబ్బ పనిచేసేవారికే. ఇక చిన్న పనికి ఎవరు ముందుకు వస్తారు?

భృతి ఇస్తే జనం సోమరులవుతారని కొందరి వాదన. నెలకు వెయ్యి రూపాయలంటే రోజుకు ముప్పై మూడు. దానిని నమ్ముకుని ఇంట్లో కూర్చోగలవాడు ఏ పల్లెలోనూ లేడు. మనిషిని కూర్చోబెడుతున్నది ఆ డబ్బు కాదు. చిన్న పని పడితే పరువు పోతుందన్న భయం, పెద్ద పని ఎన్నటికీ దొరకదేమోనన్న భయం. బెంగుళూరులో వాచ్‌మన్ పనికి పోయినవాడు రెండేళ్ళకు చదివింది మరిచిపోతాడన్నదీ నిజమే. అందుకే ఇంటి దగ్గర పూట పని చేసుకుంటూ, రెండో పూట చదువుకునేవాడికి ఆసరా కావాలి.

కూలి పని ఎలాగూ ఉన్నది కదా అనేవారు ఉన్నారు. ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. జనం దానిని కరువు పని అనే పిలుచుకున్నారు. పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే భృతి ఇవ్వాలని ఆ 2005 చట్టంలో రాశారు. మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ పైన కనీసం సగం. 2025-26లో ఇక్కడి కూలి రేటు రూ.307. అందులో నాలుగో వంతు రూ.77 దాటదు. అది కూడా పని అడిగినట్టు రుజువు ఉన్నవాడికే. నోటిమాటగా అడిగి ఇంటికి వచ్చినవాడు ఏమి చూపించగలడు? పైగా ఆ చట్టం చెప్పిన 100 రోజుల పని మనిషికి కాదు, ఇంటికి. చదివిన కొడుకు పార పట్టుకుంటే తల్లిదండ్రుల రోజులే తరిగిపోతాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన కొత్త చట్టం 125 రోజులన్నది. ఆ రోజులూ ఇంటికే లెక్క.

కనుక భృతి ఎంత అన్నదాని కంటే ఎవరికి అన్నది ముందు తేలాలి. జీతానికి ఒక హద్దు పెట్టి, అంతకు తక్కువ సంపాదించేవారికి భృతిలో సగమైనా నిలపాలి. జీతం పెరిగే కొద్దీ భృతి తగ్గించవచ్చు. చేతికి మొదటి జీతం రాగానే పేరు కొట్టివేయడం మాత్రం న్యాయం కాదు. పని అడిగిన ప్రతివారికీ తేదీ వేసిన రశీదు ఇవ్వాలి. అడిగేవారు కూడా రశీదు తీసుకోకుండా కదలరాదు. సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయంలో శ్రద్ధ వహించడం ఎంతైనా అవసరం.

ఊరు చేయవలసింది ఇంకా తేలిక, దానికి చట్టం అక్కరలేదు. బేల్దారి పని చేసినందువల్ల బి.ఎడ్. పట్టా చెరిగిపోదు. సాయంకాలం సున్నం చేతులతో ఇంటికి వస్తున్న పిల్లవాడిని చూసి పెద్దలు నవ్వడం మాని, "ఏమప్పా, కూలి సరిగా ఇస్తాండారా?" అని అడిగితే చాలు. మరునాడు అతడు పనికి పోతాడు. రాత్రికి పుస్తకమూ తెరుస్తాడు.